పిల్లి మూత్రానికి పదేపదే కూర్చుంటోందంటే

మా సోముడు మొదటిసారి అలా కూర్చున్నప్పుడు మలబద్ధకం అనుకున్నాం. ఇసుక పెట్టెలోకి వెళ్తాడు, గోకుతాడు, నడుం వంచి కూర్చుంటాడు, ఏమీ రాదు. బయటికొచ్చి కింద నాక్కుంటాడు, రెండు నిమిషాలకే మళ్ళీ లోపలికి. నాలుగేళ్ల గండుపిల్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినవాడు, అపార్ట్‌మెంట్ గడప దాటి ఎరగడు. "వేడి చేసుంటుంది వాడికి, కాస్త మజ్జిగ పట్టు" అంది అమ్మ ఫోన్లో. సాయంత్రం బాత్రూమ్ గచ్చు మీద గులాబీ రంగు చుక్కలు కనిపించాయి. అప్పుడు గానీ అది పొట్ట సంగతి కాదని మాకు వెలగలేదు.

ఆ ఏడాదిలో మూడుసార్లు వచ్చింది. మొదటి రెండుసార్లు యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు, "క్రిస్టల్స్ ఉన్నాయి" అన్న ఒక్క మాట, ఖరీదైన డ్రై ఫుడ్ సంచి. మూడోసారి మూత్రం పూర్తిగా ఆగిపోయి, మత్తిచ్చి క్యాథెటర్ వేసి, మూడు రోజులు సెలైన్ మీద ఉంచారు. అప్పటి నుంచి చదివిందీ, డాక్టర్లను అడిగి తెలుసుకున్నదీ, ఇంట్లో చేసి చూసిందీ కలిపి విడమరుస్తున్నాను. మనం 'యూరిన్ ప్రాబ్లమ్' అని ఒకే పేరుతో పిలిచేవి మూడు నాలుగు వేరువేరు జబ్బులు. ఒకదానికి పనికొచ్చే మందు ఇంకోదానికి చెడుపు చేస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

ముందు మగపిల్లి సంగతి

మగపిల్లి పదేపదే కూర్చుంటూ చుక్క కూడా పోయలేకపోతుంటే తెల్లారేదాకా ఆగకూడదు. ఈ వ్యాసంలో మరేదీ గుర్తులేకపోయినా ఇది గుర్తుంచుకోండి. మగపిల్లి మూత్రనాళం పొడవు, చివరికొచ్చేసరికి మరీ సన్నం. జిగురు, వాపు వల్ల రాలిన కణాలు, ఇసుకలాంటి స్ఫటికాలు కలిసి ముద్దకట్టి అక్కడ బిరడాలా కూర్చుంటాయి. ఒక్కోసారి చిన్న రాయి అడ్డుపడుతుంది, ఒక్కోసారి నాళం వాచి బిగుసుకుపోయినా చాలు. మూత్రం బయటికి పోకపోతే రక్తంలో పొటాషియం పెరుగుతుంది, అది గుండెను నెమ్మదింపజేసి చివరికి ఆపేస్తుంది. పూర్తిగా మూసుకుపోయిన పిల్లి ఒకటి రెండు రోజుల్లోనే ప్రమాదంలో పడుతుంది. వాంతులు, తిండి మానేయడం, మూలకు నక్కి పడుకోవడం, పొట్ట తాకితే అరవడం కనిపించాయంటే అప్పటికే ఆలస్యమైనట్టు. పొట్ట కింద గట్టిగా తగులుతోందేమో అని నొక్కి చూడకండి, నిండిన మూత్రపు సంచి చిట్లవచ్చు.

ఆడపిల్లికి నాళం పొట్టి, వెడల్పు. మూసుకుపోవడం అరుదు. నొప్పి మాత్రం ఏమీ తక్కువ కాదు.

మన ఇళ్లలో మూత్రం మంటకు చేసే వైద్యాలన్నీ ఈ సమయంలో పిల్లి విషయంలోనూ గుర్తుకొస్తాయి. బార్లీ నీళ్లు తాగిద్దామా? దారి మూసుకుపోయిన సంచిలోకి ఇంకా నీళ్లు దింపినట్టవుతుంది. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ, రక్తంలో అప్పటికే అదే ఎక్కువై ప్రాణం తీస్తోంది. మనుషులకు మంట తగ్గడానికి ఇచ్చే సిట్రేట్ సిరప్ మూత్రాన్ని క్షారంగా మారుస్తుంది, పిల్లుల్లో సాధారణంగా కనిపించే స్ట్రువైట్ అనే రకం రాయి పెరగడానికి కావలసింది ఆ క్షారమే. రాళ్లు కరుగుతాయని రణపాల ఆకు రసం పట్టాలనుకునేవాళ్లున్నారు. రణపాల కలాంచో జాతి మొక్క, పిల్లుల గుండెకు విషం. నొప్పికి పారాసెటమాల్ అసలే వద్దు. దాన్ని విరిచి బయటికి పంపే ఎంజైమ్ పిల్లి కాలేయంలో చాలినంత ఉండదు, ఒక్క మాత్రతో పోయే పిల్లులున్నాయి. ఇవన్నీ ఇచ్చేవాళ్లు ప్రేమతోనే ఇస్తారు. అందుకే ఇంత వివరంగా చెప్పాల్సి వస్తోంది.

ఒకే లక్షణం, నాలుగు కారణాలు

క్లినిక్ చీటీ మీద 'ఎఫ్ఎల్‌యూటీడీ' అని రాసి ఉంటే అది రోగం పేరనుకోకండి. కింది మూత్రమార్గంలో ఏదో తేడా ఉందని మాత్రమే దాని అర్థం. మనిషికి 'జ్వరం' అని రాసినట్టే.

ఆ పేరు వెనక అన్నిటికంటే ఎక్కువగా ఉండేది కారణం తెలియని మూత్రాశయపు వాపు. రాయి ఉండదు, సూక్ష్మజీవి ఉండదు, అయినా సంచి లోపలి పొర ఎర్రబడి రక్తం చిమ్ముతుంది. పదేళ్ల లోపు పిల్లుల్లో సగానికి పైగా కేసులు ఇవే. తర్వాత రాళ్లు, మగపిల్లుల్లో పైన చెప్పిన బిరడాలు. అందరూ మొదట అనుమానించే ఇన్ఫెక్షన్ వయసులో ఉన్న పిల్లుల్లో చాలా తక్కువ. వాటి మూత్రం ఎంత చిక్కగా ఉంటుందంటే అందులో బాక్టీరియా బతకడమే కష్టం.

మరి యాంటీబయాటిక్ ఇవ్వగానే తగ్గిందే? మమ్మల్ని రెండుసార్లు మోసం చేసింది ఇదే. కారణం తెలియని వాపు మందు వేసినా వేయకపోయినా చాలా పిల్లుల్లో వారం రోజుల్లో తనంతట తానే సద్దుమణుగుతుంది. ఐదు రోజుల కోర్సు పూర్తయ్యేసరికి పిల్లి కోలుకుంటుంది, పేరు మందుకు వెళ్తుంది. మూలం మాత్రం కదలదు, కొన్ని నెలలకు మళ్ళీ అదే కథ. ఆ వారం రోజులూ పిల్లికి నిజంగా కావలసింది నొప్పి తగ్గించే మందు, అది కూడా పిల్లులకు తగినదై, డాక్టరు లెక్కకట్టి ఇచ్చినదై ఉండాలి.

రెండోసారి తిరగబెట్టిందంటే ఊహల మీద నడవడం ఆపి పరీక్షలు చేయించాలి. పొట్ట ఎక్స్‌రే, స్కానింగ్ తీస్తే స్ట్రువైట్, కాల్షియం ఆక్సలేట్ రాళ్లు దాదాపుగా బయటపడతాయి. ఇన్ఫెక్షన్ ఉందో లేదో తేలాలంటే సూదితో నేరుగా సంచిలోంచి తీసిన మూత్రాన్ని, అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే కల్చర్ పరీక్షకు పంపాలి. పెట్టెలోంచి ఎత్తిన మూత్రంలో బయటి సూక్ష్మజీవులు ఎలాగూ ఉంటాయి. మనుషుల కోసం చేసిన రంగుల స్ట్రిప్ మీద తెల్లకణాల గడి పిల్లుల విషయంలో నమ్మదగింది కాదు, ఏమీ లేకపోయినా 'ఉంది' అని చూపిస్తుంది.

క్రిస్టల్స్ మాట కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న పిల్లి మూత్రంలోనూ స్ఫటికాలు కనిపిస్తాయి. శాంపిల్‌ను ఫ్రిజ్‌లో ఉంచినా, గంటల తరబడి బల్ల మీద వదిలేసినా, తీసినప్పుడు లేనివి కొత్తగా పుట్టుకొస్తాయి. కాబట్టి "క్రిస్టల్స్ ఉన్నాయి" అన్నది జబ్బు నిర్ధారణ కాదు. శాంపిల్ ఎప్పుడు తీశారు, ఎంతసేపటికి చూశారు అని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం వద్దు, మంచి డాక్టరు ఏమీ అనుకోరు.

రాయి కథ ఎటు తిరిగింది

ఫలానా తిండి మంచిదా చెడ్డదా అన్న వాదన అర్థం కావాలంటే నలభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1981 నుంచి జంతువుల రాళ్లను పరీక్షించే కేంద్రం నడుస్తోంది. దాన్ని మొదలుపెట్టినవారు కార్ల్ ఆస్‌బోర్న్. మొదట్లో అక్కడికొచ్చిన పిల్లి రాళ్లలో నూటికి 78 స్ట్రువైట్, అంటే మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ కలిసిన రాయి. ఆక్సలేట్ నూటికి రెండే. స్ట్రువైట్ క్షార మూత్రంలో పెరుగుతుంది, మూత్రం ఆమ్లంగా మారితే కరుగుతుంది. అందుకని కంపెనీలు తిండిలో మెగ్నీషియం తగ్గించి, మూత్రం ఆమ్లమయ్యేలా తయారీ మార్చాయి. స్ట్రువైట్ తగ్గింది. ఆ కాలంలోనే కాల్షియం ఆక్సలేట్ పెరుగుతూ వచ్చి, 2000 దాటేసరికి స్ట్రువైట్‌ను మించిపోయింది.

రెండు రాళ్ల స్వభావం పూర్తిగా వేరు. స్ట్రువైట్ రాయి సంచిలో ఉంటే సరైన ప్రిస్క్రిప్షన్ ఫుడ్ మాత్రమే పెడుతూ కొన్ని వారాల్లో కరిగించవచ్చు, చాలా పిల్లులకు నెల లోపే కరుగుతుంది. ఆ రోజుల్లో పక్కన ఇంకేదీ పెట్టకూడదు, చిన్న చేపముక్క కూడా లెక్క తప్పిస్తుంది. ఆక్సలేట్‌ను కరిగించే తిండి లేదు, ఆపరేషన్‌తోనో మరో పద్ధతిలోనో బయటికి తీయాల్సిందే. హైదరాబాద్ ఇళ్లలో ఎక్కువగా కనిపించే పర్షియన్ పిల్లులకు ఈ ఆక్సలేట్ ముప్పు మిగతావాటికంటే ఎక్కువ. మూత్రాన్ని మరీ ఆమ్లం చేయడం ఆక్సలేట్ ఉన్న పిల్లికి మేలు చేయదు. కాబట్టి ఎదురింటి పిల్లికి పనిచేసిన యూరినరీ ఫుడ్‌ను మన పిల్లికి మనమే తెచ్చి పెట్టడం, దాని మీద ఆమ్లం చేసే మరో పొడి కలపడం చేయకూడదు. తీసిన రాయిని పారేయకుండా పరీక్షకు పంపించమనండి. అది ఏ రాయో తెలియకుండా ముందు ముందు ఏం పెట్టాలో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు.

అన్నిటికీ కలిసొచ్చేది నీళ్లు

కారణం ఏదైనా మేలు చేసేది ఒకటుంది: మూత్రం పలచబడటం. పలచని మూత్రంలో రాయి కట్టడం కష్టం, సంచి పొరకు ఒరిపిడి తక్కువ, అడ్డుపడేవి ఏవైనా ఉంటే ఎప్పటికప్పుడు కొట్టుకుపోతాయి.

కానీ పిల్లి చేత నీళ్లు తాగించడం అంత సులువా? మన ఇంటిపిల్లి పూర్వీకులు ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా పొడి నేలల్లో తిరిగిన అడవిపిల్లులు. వాటికి నీరు చాలావరకు ఎలుక, పిట్ట ఒంట్లోంచే దొరికేది. వేటాడి తిన్నదాంట్లో మూడింట రెండు వంతులకు పైగా నీరే. అందుకే పిల్లి మూత్రపిండాలు నీటిని గట్టిగా పిండుకుని చిక్కటి మూత్రం చేస్తాయి, దాహం తొందరగా వేయదు. అలాంటి జీవికి నూటికి పది పాళ్లు కూడా తేమ లేని గోలీల్లాంటి డ్రై ఫుడ్ పెట్టి పక్కన గిన్నెడు నీళ్లు ఉంచితే, కాస్త ఎక్కువే తాగుతుంది గానీ లోటు పూడదు.

లెక్క వేసి చూడండి. నాలుగు కిలోల పిల్లికి తిండిలోదీ తాగేదీ కలిపి రోజుకు సుమారు 200 మిల్లీలీటర్ల నీరు కావాలి. రోజంతా 60 గ్రాముల డ్రై ఫుడ్ తింటే అందులోంచి వచ్చేది ఐదారు మిల్లీలీటర్లు. 85 గ్రాముల వెట్ ఫుడ్ పౌచ్ ఒక్కదానిలోనే దాదాపు 70. మూడు పౌచ్‌లు తిన్న పిల్లి గిన్నె ముట్టకపోయినా సరిపోతుంది. 1999లో అమెరికా పశువైద్యుల సంఘం పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఇదే చూపించింది. కారణం తెలియని వాపు ఉన్న పిల్లులను రెండు గుంపులు చేసి, ఒకే రకం తిండిని ఒకరికి తడిగా, ఒకరికి పొడిగా ఏడాదిపాటు పెట్టారు. పొడి తిన్నవాటిలో నూటికి 39 పిల్లులకు తిరగబెట్టింది, తడి తిన్నవాటిలో నూటికి 11కే.

పౌచ్‌లు ఖరీదు, నాకు తెలుసు. మూడు పూటలూ కొనలేనివాళ్లు ఒక పౌచ్‌లో రెండు మూడు చెంచాల గోరువెచ్చటి నీళ్లు కలిపి జారుగా పెట్టండి. డ్రై ఫుడ్‌నే నీళ్లలో నానబెట్టి పెట్టినా మేలే, వేసవిలో మాత్రం అరగంటకు మించి గిన్నెలో ఉంచకండి. చికెన్ ఉడికించిన నీళ్లు మా సోముడికి ప్రాణం. అందులో ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి పడకూడదు, ఉల్లి వెల్లుల్లి పిల్లి రక్తకణాలను పగలగొడతాయి. మన కూరలోంచి తీసి కడిగి పెట్టిన ముక్క కూడా అందుకే వద్దు. ఎండుచేపల్లో ఉప్పూ ఖనిజాలూ ఎక్కువ, ఈ జబ్బున్న పిల్లికి అవి మానిపించాలి. పెరుగన్నం మీద పెరిగిన పిల్లులు మన ఊళ్లలో చాలా ఉన్నాయి, కానీ అవి బయట ఎలుకలూ తొండలూ పట్టి లోటు తీర్చుకునేవి. గడప దాటని పిల్లికి పెరుగన్నమొక్కటే పెడితే టారిన్ అనే పోషకం అందదు. టారిన్ మాంసం, చేపల్లో తప్ప అన్నంలో లేదు, అది లేకపోతే కళ్లూ గుండే దెబ్బతింటాయి.

డ్రై నుంచి వెట్‌కు మార్చడం ఒక్కరోజులో అయ్యే పని కాదు. వారం పది రోజులు పాతదానిలో కొత్తది కొంచెం కొంచెం కలుపుతూ పోవాలి. "ఆకలేస్తే అదే తింటుంది" అని పస్తు పెట్టడం పిల్లుల విషయంలో ప్రమాదం. రెండు మూడు రోజులు తినకపోతే, అందులోనూ లావు పిల్లి అయితే, కాలేయంలో కొవ్వు పేరుకుని జబ్బు చేస్తుంది.

నీళ్ల గిన్నె తిండి పక్కనే కాకుండా విడిగా పెట్టండి. ఒకటికి మూడు పెట్టండి. మీసాలు అంచుకు తగలనంత వెడల్పైన పింగాణీ గిన్నెలో మావాడు బాగా తాగుతాడు, స్టీలు గిన్నెను పట్టించుకోడు. కొన్నిటికి పారే నీళ్లు ఇష్టం. మీ పిల్లికి ఏది నచ్చుతుందో మీరే కనిపెట్టాలి. ఫలితం తెలియాలంటే డాక్టరు దగ్గర మూత్రం చిక్కదనం (స్పెసిఫిక్ గ్రావిటీ) కొలిపించండి. రాళ్లు కట్టే పిల్లికి అది 1.030 లోపు ఉండేలా చూడాలంటారు.

ఇంట్లో ఏం మారింది?

నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసింది ఇది. అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో పశువైద్యుడు టోనీ బఫింగ్టన్, ఆయన తోటివారు ఈ కారణం తెలియని వాపు మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఈ పిల్లుల్లో తేడా సంచిలో మాత్రమే లేదని, బెదురుకు ఒళ్లు స్పందించే తీరులోనే ఉందని వాళ్లు గమనించారు. ఒత్తిడి కలిగినప్పుడు వీటి నాడులు మోతాదు మించి స్పందిస్తాయి, సంచి లోపలి పొర పలచబడి మూత్రం లోపలికి ఇంకి మంట పెడుతుంది. 2011లో బఫింగ్టన్ దీనికి పాండోరా సిండ్రోమ్ అని పేరు పెట్టారు. అంతకుముందు 2006లో ఆయన బృందం 46 పిల్లుల యజమానుల చేత ఇంటి పరిసరాలు మార్పించి పది నెలలు గమనించింది. మూత్రపు బాధలే కాక, పిల్లుల భయం, బెరుకు కూడా తగ్గాయి.

సోముడికి వచ్చిన మూడుసార్ల తేదీలూ తర్వాత కూర్చుని క్యాలెండర్‌లో చూశాను. ఒకటి ఇల్లు మారిన వారం. ఒకటి దీపావళి మర్నాడు. ఒకటి సంక్రాంతికి ఇంటి నిండా చుట్టాలు దిగి, వాడి పెట్టె ఉన్న బాత్రూమ్ రోజంతా తలుపేసి ఉన్నప్పుడు. పరీక్షలేవీ చెప్పనిది ఆ మూడు తేదీలు చెప్పాయి.

మనకు సందడి, పిల్లికి బెదురు. పండగ వద్దని కాదు, పండగలో పిల్లికి ఒక చోటు ఉంచడం. దీపావళికి రెండు రోజుల ముందే లోపలి గదిలో పెట్టె, నీళ్లు, పాత దుప్పటి, అట్టపెట్టె సర్దిపెడతాం. టపాసులు మొదలయ్యాక తెచ్చి పడేస్తే ఆ గది కూడా వాడికి బెదురే. తిండి వేళలు మార్చం. పిల్లికి ఎత్తు కావాలి. బీరువా పైన, అల్మరా పైన ఒక చాప పరిస్తే చాలు. రోజుకు రెండుసార్లు పది నిమిషాలు తాడుకు కట్టిన ఈకతో వేటాడించాలి. బాల్కనీలో వీధిపిల్లి వచ్చి కూర్చుని లోపలున్నదాన్ని చూస్తూ ఉండటం కూడా పెద్ద ఒత్తిడే, ఆ కిటికీకి కింది సగం కాగితం అంటించాక మా ఇంట్లో తేడా కనిపించింది. రెండు పిల్లులున్న ఇంట్లో అవి కొట్టుకోవడమే గొడవ అనుకుంటాం. ఒకటి గుమ్మానికి అడ్డంగా పడుకుంటే రెండోది పెట్టెకు వెళ్లలేక గంటలు బిగబట్టుకుంటుంది. గొడవ నిశ్శబ్దంగా జరిగిపోతుంది.

పెట్టెల లెక్క, ఎన్ని పిల్లులో అంతకు ఒకటి ఎక్కువ, వేరువేరు చోట్ల. పిల్లి పొడవుకు ఒకటిన్నర రెట్లుండాలి. దుకాణాల్లో అమ్మేవి చాలావరకు చిన్నవి. బట్టలు సర్దుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఒక పక్క కోసి వాడుతున్నాం మేము. వాసన లేని, గడ్డకట్టే రకం లిట్టర్ మంచిది. మల్లెల వాసన మనకోసం, పిల్లి కోసం కాదు. వాషింగ్ మెషీన్ పక్కన పెట్టకండి, రోజూ ముద్దలు తీసేయండి. జబ్బు ఉన్న రోజుల్లో పిల్లి మంచం మీదో సింక్‌లోనో పోస్తే కొట్టకండి. పెట్టెలో కూర్చున్నప్పుడల్లా నొప్పి పుట్టింది కాబట్టి ఆ నొప్పి పెట్టెదే అనుకుంటుంది పాపం.

గడ్డకట్టే లిట్టర్‌తో ఇంకో లాభం ఉంది. ముద్దలు లెక్కపెట్టవచ్చు. పెద్దవి రెండు మూడు ఉంటే ఆ రోజు గడిచినట్టే. గోలీలంత చిన్నవి ఏడెనిమిది ఉంటే సంచి మళ్ళీ వాచిందన్నమాట. అసలు లేకపోతే క్లినిక్‌కు బయల్దేరడమే. రాత్రిపూట తెరిచి ఉండే క్లినిక్ ఏది, వాళ్లు క్యాథెటర్ వేయగలరా అన్నది ఇవాళే ఫోన్ చేసి కనుక్కోండి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రులు ఆ చుట్టుపక్కల వాళ్లకు ఒక దారి, అయితే ఏ వేళల్లో చూస్తారో ముందే తెలుసుకోవాలి.

ఇంత చేసినా పదేపదే మూసుకుపోయే మగపిల్లులకు సన్నటి భాగాన్ని తీసేసి దారి వెడల్పు చేసే ఆపరేషన్ ఉంది. అది అడ్డు తొలగిస్తుంది గానీ వాపును మాన్పదు, పైగా ఆ తర్వాత ఇన్ఫెక్షన్లు వచ్చే అవకాశం పెరుగుతుంది. కాబట్టి నీళ్లు, ప్రశాంతత అప్పుడూ కావాలి. చిన్న వయసులో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడం వల్లే నాళం సన్నబడిందని కుమిలిపోయేవాళ్లను చూశాను. నాళం కొలిచి చూసిన అధ్యయనాల్లో అలాంటి తేడా దొరకలేదు. ఆ ఆపరేషన్ తర్వాత లావెక్కకుండా చూసుకోవడం మాత్రం మన చేతిలో ఉంది.

పదేళ్లు దాటిన పిల్లికి ఇవే లక్షణాలొస్తే లెక్క తిరగబడుతుంది. ఆ వయసులో మూత్రపిండాలు నీరసించి, లేదా షుగర్ వచ్చి, మూత్రం పలచబడుతుంది, నిజమైన ఇన్ఫెక్షన్లు అప్పుడే ఎక్కువ. కల్చర్, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, షుగర్ చూడకుండా ఏ తిండీ మార్చకూడదు. దాహం పెంచడానికి ఉప్పు ఎక్కువ వేసిన యూరినరీ డ్రై ఫుడ్‌లు కొన్ని ఉన్నాయి, మూత్రపిండాల జబ్బున్న పిల్లికి అవి తగవు. సోముడికిప్పుడు ఏడేళ్లు. ఈ ఏడు నుంచి దీపావళి గదితో పాటు ఏడాదికోసారి రక్తపరీక్ష కూడా క్యాలెండర్‌లో రాసుకున్నాం.